కుండమార్పిడి

ఫారంలో ఒక గడి:
ఇంతకుముందు పరాయిచోట పాఠం చెప్పారా?
పెన్ను ఆగింది.
పాతపట్నంలో పుట్టి, సరిహద్దు దాటొచ్చి
పర్లాకిమిడిలో ఒడియా బడిలో
లెక్కలు చెబుతున్న పదహారేళ్లని ఏ గడిలో వెయ్యాలి?
లేదు అని రాసేను.

మా అత్త నవ్వింది:
"ఇదేటే వరహాలూ, కుండమార్పిడి సమ్మందంలాగుంది.
నువ్వాళ్ల బడికి, ఆవిడ మీ బడికి.
ఒకర్నొకరు చూసుకున్నారేటి?"
చూసుకోలేదు.
నేనెక్కిన విమానం, పిరెట్ ఎక్కిన విమానం
ఏ మబ్బు దగ్గర ఎదురుపడ్డాయో.

ఎస్తోనియాలో ఒక దీవి, దాని మీద కురెస్సారే.
మూడున్నరకే దీపాలు పెట్టే నవంబరు.
పిల్లలు గుమ్మంలో బూట్లు విప్పి మేజోళ్లతో క్లాసుకొస్తే
అదొక్కటీ మనింటి సంగతి.
మిగతాదంతా మౌనం.
ప్రశ్న అడుగుతాను, ఎవరూ పలకరు.
తలకెక్కలేదనుకుని మళ్లీ చెబుతాను,
గొంతు పెంచి మూడోసారి.
వెనక వరస తానెల్ చెయ్యెత్తి మెల్లగా అన్నాడు:
"మొదటిసారే అర్థమైంది మేడమ్. ఆలోచిస్తున్నాం."

ఆ రాత్రి నిద్ర లేదు.
పదహారేళ్ల నా క్లాసులన్నీ వినబడ్డాయి.
ఒక్క గొంతుతో కప్పు ఎగిరేలా వచ్చే జవాబు.
అందులో ఎన్ని నోళ్లు ఉత్తినే కదిలాయో.

వరహాలమ్మ వాళ్ల నోట నిలవలేదు.
తలా తోకా కోసి వర చేసేరు.
"మా భాషలో వర అంటే ఆస్తి" అంది వంటావిడ,
సూపు గిన్నె అందిస్తూ. "పెందలాడే అని కూడా."
నలభై నాలుగేళ్లకి విమానమెక్కినదాన్ని,
పెందలాడేనట!
బంగారు వరహా ఎలాగుంటాదో మా అయ్య చూసెరగడు.

పిరెట్ తన సొరుగులో నాకో కాగితం వదిలింది.
ఏ తాళం బిగుసుకుంటుందో,
ఏ పిల్ల మధ్యాహ్నం తిండి దాచి పారేస్తుందో,
తానెల్‌ని వాళ్ల నాన్న పడవ గురించి అడగొద్దనీ.
నేనావిడకి వదిలింది
ఒక హాజరుపట్టీ, ఒక కాలు ఊగే కుర్చీ.
ఈసాకు రైకా ఎందుకు నోరు విప్పడో రాయలేదు.
రాయడానికి నాకు తెలిస్తే కదా.

తిరిగొచ్చిన సోమవారం
కుర్చీ కాలికింద చెక్కముక్క దిగ్గొట్టి ఉంది.
నల్లబల్ల అంచున, ఎవరూ తుడవకుండా
చుట్టూ గీత గీసి, నాలుగు వరసలు:
ఒకటి రెండు మూడు
ఎకొ దుయి తిని
ఉక్స్ కాక్స్ కొల్మ్
ఆఖర్ని, సుద్ద విరిగేంత గట్టిగా ఒత్తి
అబోయ్ బాగు యాగి.

"ఇదెవరు రాసేరు?"
క్లాసంతా ఒక్కసారి అరిచింది.
చెయ్యెత్తి ఆపేను. నేనూ ఆగేను.
గుణుపురం రైలు కూత వేసి పోయేదాకా ఆగేను.
పొట్నూరు దమయంతి లేచింది:
"పిరెటమ్మకి తెలుగూ రాదు, ఒడియా రాదు టీచర్.
అందికే అందర్నీ అడిగింది."
నాకు రెండూ వచ్చు.
మూడో భాష ఆ గదిలో ఉందని
మూడేళ్లుగా ఒక్కనాడూ అడగలేదు.

కిటికీ పక్క నుంచి ఈసాకు,
"మా సవరలో రెండంటే బాగు, టీచర్."
హాజరు కాకుండా వాడినోట నేను విన్న మొదటి మాట.

తానెల్ ఇచ్చిన బిళ్ల ఒకటి నా సంచిలో ఉంది.
ఆ దీవిలో చీకటి పడ్డాక
నడిచేవాళ్లంతా కోటుకి వేలాడదీస్తారు,
బండి దీపం తగిలితే మెరుస్తుంది.
ఈసాకు పుస్తకాల సంచికి అది కట్టేను.

సాయంత్రం కరెంటు పోయింది.
హాస్టలు మలుపులో లారీ ఒకటి తిరిగింది.
దూరాన చిన్న మెరుపు.
ఒకటి.
మళ్లీ ఇంకో లారీ.
బాగు.